కుడివైపు అంచు

ఇంజనీరింగులో ఒకే పేపరు నేను నాలుగుసార్లు రాశాను. ఈ మాట నా విద్యార్థులకు మొదటిరోజే చెప్పేస్తాను. ముందు నవ్వుతారు, తర్వాత ఎవరో ఒకరు "నిజంగానా మేడం?" అంటారు. వెనక బెంచీవాళ్ళు మాత్రం ఆ రోజు నుంచి నా క్లాసుకు కాస్త ధైర్యంగా వస్తారు. లెక్కలు చెప్పే మనిషి ఇట్లాంటివి బయటపెట్టుకోకూడదని మా చుట్టాల్లో కొందరి అభిప్రాయం. వాళ్ళ అభిప్రాయం వాళ్ళ దగ్గరే ఉండనీ. మొదటి మూడుసార్లు ఏం వెలగబెట్టానో చెప్పకపోతే నాలుగోసారి పాసవడంలో గొప్పేముంది?

మాది పెనుకొండ. మా నాయన పరుపులు కుడతాడు. తాతల కాలంలో మావాళ్ళు ఊరూరూ తిరిగి దూది ఏకేవాళ్ళు. నాయన కాలానికి బస్టాండు వెనక సందులో రేకుల షెడ్డు ఒకటి, అందులో దూది మిషను ఒకటి వచ్చాయి. నాయన ఐదో తరగతి దాకా చదివాడు. నేను పదో తరగతి వరకు ఊళ్ళోని సర్కారు బడిలో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్ రెండేళ్ళు ఇంగ్లీషులో గట్టెక్కి, హిందూపురంలో ఇంజనీరింగు కాలేజీలో చేరాను. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేదాన్ని. ఇంటర్ ఎట్లా గట్టెక్కానంటే, బట్టీ కొట్టి. ఇంగ్లీషు అర్థం కాకపోయినా అక్షరం పొల్లుపోకుండా అప్పగించే విద్య నాకు బాగా అబ్బింది. లెక్కల్ని కూడా ఎక్కాల్లాగా, పై వరుస తర్వాత కింది వరుస, నోటికి నేర్చుకునేదాన్ని.

రెండో ఏడాది మొదటి సెమిస్టరులో ఎం-త్రీ అనే పేపరు వచ్చింది. లెక్కల్లో మూడో పేపరు. మా కాలేజీలో అది అందరికీ పెద్ద భయం. సీనియర్లు దాని పేరెత్తేటప్పుడు గొంతు తగ్గించేవాళ్ళు. లెక్కల సారు మంచివాడే, కానీ బోర్డు వైపు తిరిగి పాఠం మొదలుపెడితే గంట కొట్టేదాకా మా ముఖాలు చూసేవాడు కాదు. మా అందరికీ దిక్కు కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు. ఆ షాపాయన దగ్గర ప్రతి పేపరుకూ ఒక "మెటీరియల్" ఉండేది. ఎప్పుడో బాగా చదివిన సీనియరు ఎవరో చేత్తో రాసిన నోట్సు అది. ముఖ్యమైన లెక్కలన్నీ, వాటి జవాబులన్నీ అందులో ఉంటాయి. ఎం-త్రీ మెటీరియల్ యాభై ఎనిమిది పేజీలు. క్లాసు క్లాసంతా అదే కొన్నాం, అదే బట్టీ కొట్టాం.

రూలు చెప్పాలి, లేకపోతే నా బాధ మీకు అర్థం కాదు. పేపరుకు వంద మార్కులు. కాలేజీ లోపల పెట్టే పరీక్షలకు ముప్పై, చివర యూనివర్సిటీ పరీక్షకు డెబ్బై. రెండూ కలిపి నలభై రావాలి. అది చాలదు, ఆ డెబ్బైలో విడిగా ఇరవై అయిదు రావాలి. పాసైతేనే ఆ పేపరు క్రెడిట్లు మన ఖాతాలో పడతాయి. మూడో ఏడాది అయ్యేసరికి ఇన్ని క్రెడిట్లు ఉండాలని ఒక గీత గీశారు. గీత దాటకపోతే డిటెయిన్. అంటే మనతో చదివినవాళ్ళు నాలుగో ఏడాదికి పోతారు, మనం ఒక సంవత్సరం ఇంట్లో కూర్చుంటాం.

నాకు మొదటిసారి డెబ్బైకి పద్దెనిమిది వచ్చాయి. సగం క్లాసు ఫెయిలు కాబట్టి పెద్దగా సిగ్గుపడలేదు. సప్లిమెంటరీ పరీక్షకు ధర్మవరంలో సెంటరు పడింది. అదే మెటీరియల్‌ను ఇంకా గట్టిగా రుబ్బి రాశాను. ఇరవై ఒకటి. మూడోసారికి కళ్ళు మూసుకుని ఏ పేజీ అడిగినా అప్పగించే స్థితికి వచ్చాను. మళ్ళీ ధర్మవరం పోయి రాసి వచ్చాను. ఇరవై నాలుగు.

ఇరవై నాలుగు! కాలేజీ మార్కులు పదిహేడు కలిపితే నలభై ఒకటి. కలిపి చూస్తే పాసు, విడిగా చూస్తే ఫెయిలు. ఆ ఒక్క మార్కు ఎక్కడ ఆపాడో ఆ దిద్దినాయన అని నేను తిట్టని తిట్టు లేదు. రీవాల్యుయేషనుకు పెట్టాను. "నో ఛేంజ్" అని వచ్చింది. తప్పిన మిగతా పేపర్లు, అంటే బ్యాక్‌లాగులు, ఒక్కొక్కటే పాసవుతూ వచ్చినా, క్రెడిట్లు కూడితే గీతకు సరిగ్గా ఈ ఒక్క పేపరంత తక్కువ పడ్డాయి. మూడో ఏడాది చివర జరిగే సప్లిమెంటరీ ఒక్కటే మిగిలింది. దానికి ఆరు వారాలుంది.

లెక్కల సారు దగ్గరికి పోతే జాలిగా చూశాడు. "ఒక సంవత్సరం పోతే ఏమవుతుందమ్మా? చానా మందికి పోతాంటాది" అన్నాడు. ఆయన ఓదార్చడానికే అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఒక సంవత్సరం అంటే ఒక సంవత్సరం కాదు. ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు కాలేజీ మళ్ళీ తెరిచేలోపు పది పనులు తగులుకుంటాయి, ఆ తర్వాత కాలేజీ సంగతి ఎవరికీ గుర్తుండదు. మా పెద్దమ్మ కూతురు డిగ్రీ అట్లాగే ఆగిపోయింది. నాకు అట్లా కాకూడదు. పేపరు ఎంత కష్టమైనా సరే, ఆ గీత దాటాల్సిందే అని బస్సులో కూర్చుని పళ్ళు బిగించాను.

ఇంట్లో మా అవ్వకు ఇదంతా వేడుక. "ఏమే, మళ్ళా ధర్మవరానికేనా? ఆ ఊర్లో నీకేమన్నా సంబంధం కుదిరిందేమే, ఇన్ని తూర్లు పోతాండావు?" అనేది. నేను ఉరిమి చూస్తే బోసినోటితో నవ్వేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. ఇంట్లో చుట్టాలున్నారని మెటీరియల్ పట్టుకుని నాయన షెడ్డుకు పోయాను. నాయన నేలమీద పరుపు పరిచి, దబ్బనంతో అంచు కుడుతున్నాడు. నేను ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతూ అప్పగించుకుంటున్నాను. కాసేపటికి కాగితాలు దూదిమూట మీద పెట్టి మంచినీళ్ళు తాగడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి నాయన చేతిలో నా కాగితం ఉంది. గుడ్డ చూసినట్టు చూస్తున్నాడు, వెలుగుకు ఎత్తిపట్టి, అంచు మీద బొటనవేలు నడిపిస్తూ.

"ఇవి యాడ తీసుకున్యావమ్మా?"

"హిందూపురంలో, జిరాక్స్ షాపులో."

"ఎవురో కోసేసినారు దీన్ని."

"ఎవరూ కోయలేదు నాయనా, కాగితం అంతే ఉంటుంది."

"కాగితం కాదమ్మా, రాత. సూడు, ఎడమపక్క జాగా ఇడిసినాడు. పైన ఇడిసినాడు, కింద ఇడిసినాడు. కుడిపక్క యాడ ఇడిసినాడు? అన్ని పక్కలా ఇడిసే అలవాటుండే మనిషి ఈ ఒక్క పక్క ఎందుకు ఇడవడు? ఈపక్క ఇంగా రాత ఉండాది. అంచు పోయినాది."

నాకు కోపం వచ్చింది. మూడుసార్లు ఫెయిలైన మనిషికి ఎవరు సలహా చెప్పినా కోపమే వస్తుంది. "నీకు ఇంగ్లీషు రాదు, లెక్కలు రావు. నువ్వు పరుపులు చూసుకో నాయనా" అనేశాను. నాయన కాగితం మళ్ళీ మూట మీద పెట్టి దబ్బనం అందుకున్నాడు. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ నాకు సిగ్గే.

బింకంగా ఆ కాగితాన్నే తీసుకుని చదవబోయాను. కళ్ళు మాత్రం కుడివైపుకే పోయాయి. నిజమే, వరుసలన్నీ కుడివైపు గీత గీసినట్టు ఒకేచోట ఆగిపోతున్నాయి. చేత్తో రాసే మనిషికి ఒక వరుస పొట్టిగా, ఒక వరుస పొడుగ్గా రావాలి కదా! ఆ పేజీలో ఒక భిన్నాన్ని రెండు ముక్కలుగా విడగొట్టే లెక్క ఉంది. ఇంటర్‌లో అట్లాంటివి వంద చేశాను. ఇక్కడ మొదటి ముక్క ఉంది, దాని తర్వాత కూడిక గుర్తు ఉంది, గుర్తు తర్వాత ఏమీ లేదు. ఏడాదిన్నరగా ఆ కూడిక గుర్తును కూడా నేను బట్టీ కొట్టాను. మూడు పరీక్షల్లోనూ దాన్ని శ్రద్ధగా రాసి, దాని పక్కన ఖాళీ వదిలి, కింది వరుసకు పోయాను. లెక్కలంటే అట్లాగే ఉంటాయి కాబోలు, మనకు అర్థం కాకుండా ఎక్కడివక్కడ తెగిపోతూ ఉంటాయి కాబోలు అనుకున్నాను.

ఎప్పుడో ఎవరో కాగితాల్ని మిషను మీద పక్కకు జరిపి పెట్టారు. ఆ కాపీకి కాపీ, దానికి మరో కాపీ తీసుకుంటూ వచ్చారు. బొటనవేలంత వెడల్పు రాత ప్రతి పేజీలోనూ పోయింది. మేమంతా ఆ తెగిన లెక్కల్నే నమ్ముకుని పరీక్షలు రాశాం. కోపం ముంచుకొచ్చింది. ముందు జిరాక్స్ షాపు మీద, తర్వాత మా ముఖాలు చూడని సారు మీద, చివరికి నా మీద. ఇరవై నాలుగు మార్కులు ఎట్లా వచ్చాయో కూడా అప్పుడే తెలిసింది. దిద్దినాయన మొదలు సరిగ్గా ఉన్నంతవరకు చూసి చూసి మార్కులు వేశాడు పాపం. నేను తిట్టాల్సింది ఆయన్ను కాదు.

"నాయనా" అన్నాను. ఏడుపు వచ్చేసింది. "నువ్వు చెప్పిందే నిజం. అంచు పోయింది."

నాయన తలెత్తలేదు. "పోయిన అంచు ఏసుకోవల్ల. ఏడిస్తే వస్తాదా?" అన్నాడు.

ఆ సాయంత్రం నాయన తెల్లకాగితాల్ని రెండు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కత్తిరించాడు. ఒక్కో పేజీకి కుడివైపు ఒక్కో పట్టీని సూదితో కుట్టాడు. జిగురు పెడదామంటే ఒప్పుకోలేదు. జిగురు ఊడిపోతుందట, కుట్టు ఊడదట. పరుపు అంచుకు వేసినట్టే దూరం దూరంగా నల్లదారంతో కుట్టి, యాభై ఎనిమిది పేజీలు నా ఒళ్ళో పెట్టాడు. "ఇంగ నీ పని" అన్నాడు.

ఆ ఖాళీ పట్టీలు నింపడమే నా చదువు. ఒరిజినలు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని, ఒక్కో వరుస చివర ఏముండాలో నేనే కనుక్కోవాలి. మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది. దాని కోసం ఇంటర్ పుస్తకం దించాను, ఒకచోట పదో తరగతి పుస్తకం కూడా దించాను. తెలుగు మీడియం పుస్తకం అది. అందులో చదివితే నాకు ఇంగ్లీషులో ఐదేళ్ళుగా అర్థం కానిది ఒకటి పది నిమిషాల్లో అర్థమైంది. పై వరుస అర్థం కాకుండా పట్టీ నింపడం కుదరదు. బట్టీకి అక్కడ చోటే లేదు. పట్టీలో ఒక ముక్క పెడతాను, కింది వరుసకు అతకదు, చెరిపేస్తాను, మళ్ళీ పెడతాను. అతికిన రోజు బస్సులో నాలో నేనే నవ్వుకునేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్ళు కొంచెం జరిగేవాళ్ళు.

ఇరవై పేజీలు అయ్యాక ధైర్యం చేసి లెక్కల సారుకు చూపించాను. ఆయన కుట్లు చూసి ముందు తెల్లబోయాడు. తర్వాత కూర్చుని ప్రతి పట్టీ చదివాడు. మూడుచోట్ల పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టాడు. "ఇన్నేండ్లూ మీరంతా దీన్ని చదివి రాస్తాండారా?" అన్నాడు. ఆ మెటీరియల్ ఆయన అంతకుముందు ఎప్పుడూ చూడలేదట. గేటుకు ఎదురుగానే ఉంది షాపు. ఆ రోజు నుంచి పరీక్ష దాకా రోజూ అరగంట నాకోసం స్టాఫ్ రూములో కూర్చున్నాడు. నేరుగా నా ముఖం చూసి, అర్థమైందా లేదా అని అడిగి మరీ చెప్పాడు. ఆ అరగంటల్ని నేను మరచిపోలేను.

నాలుగోసారి పరీక్ష రాయడానికి ధర్మవరం పోయే రోజు అవ్వ సంబంధం మాట ఎత్తలేదు. పెరుగన్నం డబ్బాలో పెట్టి, "ఈ తూరి ఆ ఊరికి ఒక దండం పెట్టి రాయే తల్లీ, ఇంగ సాలు" అంది. హాల్లో ప్రశ్నపత్రం తిప్పి చూస్తే మెటీరియల్‌లోని లెక్కే ఒకటి, అంకెలు మార్చి ఇచ్చారు. ముందైతే అంకెలు మారాయని వదిలేసేదాన్ని. ఆ రోజు రాశాను. కూడిక గుర్తు పెట్టాను, దాని పక్కన రెండో ముక్క రాశాను. రాశాక ఒక క్షణం పెన్ను పక్కన పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్విజిలేటరు వచ్చి పేపరు అయిపోయిందా అని అడిగితే, "లేదు సార్, ఇప్పుడే మొదలైంది" అన్నాను.

ముప్పై ఎనిమిది వచ్చాయి. పదిహేడు కలిపితే యాభై అయిదు. గ్రేడు ఏమంత చెప్పుకోదగ్గది కాదు. డిటెయిన్ లిస్టు నోటీసు బోర్డులో పెట్టిన రోజు పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చదివాను. నా నంబరు లేదు. షెడ్డుకు పోయి చెబితే నాయన, "ఊఁ" అన్నాడు. అని, నా తల మీద దూదిపోగు ఉందేమో తీస్తున్నట్టు తలమీద చెయ్యి పెట్టి తీశాడు. మా నాయన అంతకంటే ఎక్కువ ఎప్పుడూ చెయ్యడు. నాకు అది చాలు.

ఆ పేపరు మీది కోపమే తర్వాత ఇష్టమైంది. ఇంజనీరింగు అయ్యాక దూరవిద్యలో లెక్కల్లో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు హిందూపురం దగ్గరే ఇంకో కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. పిల్లల ముఖాలు చూస్తూ చెబుతాను.

రెండేళ్ళ కిందట జవాబు పత్రాలు దిద్దడానికి పిలిచారు. ఎర్రపెన్ను పట్టుకుని ఒక్కో పేపరు తిప్పుతున్నాను. పేపర్ల మీద పేర్లుండవు, ఊర్లుండవు, ఎవరివో తెలియదు. ఒక పేపరులో లెక్క మొదలు చక్కగా ఉంది. భిన్నం విడగొట్టాడో, విడగొట్టిందో. మొదటి ముక్క, కూడిక గుర్తు, దాని పక్కన ఖాళీ. కింది వరుస. పేజీ తిప్పాను. తర్వాతి లెక్కలోనూ అంతే. సిలబసు మారింది, పేపరు పేరు మారింది, ఆ కాగితాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఆ పేపరును మూడుసార్లు చదివాను, ఎక్కడైనా ఒక మార్కు దాక్కుందేమోనని వెతికాను. ఉన్నచోటల్లా వేశాను. కూడితే పందొమ్మిది వచ్చాయి. లేని అంచుకు మార్కు వెయ్యడానికి నా దగ్గర రూలు లేదు. పందొమ్మిదే వేసి సంతకం పెట్టాను. చాలా బాధపడ్డాను. ఇరవై నాలుగు వేసినాయన కూడా నా పేపరును ఇట్లాగే మూడుసార్లు చదివాడేమోనని ఆ రోజు మొదటిసారి అనిపించింది.

ఇంటికి పోయి బీరువా అడుగున ఉన్న యాభై ఎనిమిది పేజీలు తీశాను. నాయన దగ్గర కూర్చుని, ప్రతి పాఠంలోనూ చివరి లెక్క పట్టీ విప్పించి, దాని బదులు ఖాళీ పట్టీ కుట్టించాను. "నిండినదాన్ని ఖాళీ సేస్తాండావేందమ్మా?" అన్నాడు.

"అవి ఆ పిల్లోళ్ళు నింపుకోవల్ల నాయనా."

మరుసటి రోజు పాత కాలేజీ గేటు ఎదుటి షాపుకు పోయాను. అదే షాపాయన, జుట్టు మాత్రం తెల్లబడింది. ఎం-త్రీ మెటీరియల్ అనగానే నన్ను గుర్తుపట్టాడు. "ఏమ్మా, ఇంగా పాస్ కాల్యాదా?" అన్నాడు నిజంగా బాధపడుతూ. నేను నవ్వి, ఆయన మాస్టర్ కాపీ అడిగి తీసుకుని సంచిలో వేసుకున్నాను. నా కట్ట ఆయన ముందు పెట్టాను. "ఇంక దీన్నే తియ్యన్నా. కాగితం నేరుగా పెట్టు, కుట్టు కూడా పడాల" అన్నాను.

ఈ ఏడాది మా కాలేజీలో ఒకమ్మాయి జిరాక్స్ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. హిందూపురంలో ఎవరి దగ్గరో తీసుకుందట. "మేడం, ఈ చివరి లెక్కలో ఇక్కడ ఏం రావాలి? ఖాళీగా వదిలారు" అంది. తనకు తోచింది పెన్సిలుతో రాసి పెట్టుకుంది, తప్పే కానీ సరైన జవాబుకు దగ్గరగా ఉంది. ఇద్దరం కూర్చుని చేశాం. పోతూ పోతూ అడిగింది, "ఈ చుక్కలేంది మేడం, పేజీ పేజీకీ కుడిపక్క నిలువుగా?"

ఆ అమ్మాయి దగ్గర ఒక పేజీ అడిగి ఇంటికి తెచ్చాను. నాయనకు ఇప్పుడు చూపు తగ్గింది. దబ్బనం పట్టడం మానేశాడు. కాగితాన్ని వెలుగుకు ఎత్తి, కుడివైపు నల్లచుక్కల మీద బొటనవేలు నడిపించుకుంటూ కిందిదాకా వచ్చాడు. ఒకచోట వేలు ఆగింది.

"ఈడ ఒక కుట్టు తప్పినాది" అన్నాడు. "ఎవురూ సూడలేదు గదా?"